మనమా, మేమా?

ఇంగ్లీషు 'వియ్'ని తెలుగు చేయాల్సి వచ్చినప్పుడల్లా కలం ఆగిపోతుంది. మనమా? మేమా? చదివేవాళ్లను కలుపుకుంటున్నారా, బయట నిలబెడుతున్నారా? ఇంగ్లీషులో ఆ తేడా కనబడదు, తెలుగులో దాచడం కుదరదు. అమెరికా కార్ల పత్రిక 'కార్ అండ్ డ్రైవర్' చరిత్ర చదువుతున్నంతసేపూ నన్ను ఇదే ప్రశ్న వెంటాడింది.

1955లో 'స్పోర్ట్స్ కార్స్ ఇలస్ట్రేటెడ్'గా మొదలైన ఈ పత్రిక 1961లో పేరు మార్చుకుంది. 1962లో డేవిడ్ ఇ. డేవిస్ జూనియర్ సంపాదకుడయ్యాక గొంతూ మారింది. ఇంజను శక్తి, వేగం, ధర లాంటి అంకెల మధ్యకి అతను 'నేను'ని తెచ్చాడు. ఎగతాళి, మోహం, కోపం అన్నీ సమీక్షలో భాగమయ్యాయి. 1964 మార్చిలో పాంటియాక్ జీటీఓని ఫెరారీ జీటీఓతో పోల్చి సంచలనం లేపారు. నిజానికి ఆ రెండు కార్లూ ఎదురెదురుగా పోటీ పడనే లేదు. పైగా ఆ పాంటియాక్‌లో ఉన్నది మామూలుగా అమ్మే ఇంజను కాదు, అంతకంటే పెద్దదని తర్వాత బయటపడింది. అయినా ఆ సంచిక ఓ పురాణగాథ అయిపోయింది. 1968లో బీఎండబ్ల్యూ 2002 మీద డేవిస్ సమీక్ష చర్చిలో ప్రసంగంలా సాగుతుంది.

మన దగ్గర స్త్రీలు 'నేను' అని రాసినప్పుడు ఇది సాహిత్యమేనా అని అడిగారు. అక్కడ మగవాళ్లు కారు మీద మోహాన్ని 'నేను' అంటూ రాస్తే అది శైలి అయింది.

డెనిస్ మెక్లగేజ్ 'న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్'లో క్రీడా విలేఖరి. 1958లో 'కాంపిటీషన్ ప్రెస్' స్థాపకుల్లో ఒకరు. అదే తర్వాత 'ఆటోవీక్' అయింది. 1961లో సెబ్రింగ్ పన్నెండు గంటల పందెంలో ఫెరారీ నడిపి తన తరగతిలో గెలిచింది. కానీ ఇండియానాపొలిస్‌లో కార్లు నిలిపే చోటుకి ఆడవాళ్లను 1970ల ఆరంభం దాకా రానివ్వలేదు. పందెం నడిపే మనిషికే పందెం గురించి రాసుకోవడానికి గేటు తెరుచుకోలేదు!

జీన్ జెన్నింగ్స్ దారి వేరు. ఆమె తండ్రి 'ఆటోమోటివ్ న్యూస్' సంపాదకుడు. ఆమె మాత్రం చదువు మధ్యలో వదిలి ఆన్ ఆర్బర్‌లో టాక్సీ నడిపింది. క్రైస్లర్ ప్రయోగక్షేత్రంలో కార్లు పరీక్షించింది, మెకానిక్ పని చేసింది. ఆ ఉద్యోగం పోయాక 1980లో 'కార్ అండ్ డ్రైవర్'లో చేరింది. 1986లో డేవిస్‌తో కలిసి 'ఆటోమొబైల్' పత్రిక తెచ్చింది. 2000లో దానికే ప్రధాన సంపాదకురాలైంది.

ఆమె ఆ గొంతును మార్చిందా, ఆ గొంతులో తనూ చేరిపోయిందా? రెండూ నిజమే అనిపిస్తుంది. ఆ దుడుకుతనం, ఆ నవ్వు డేవిస్ పాఠశాలవే. తలుపు తెరిచిందీ అతనే. కానీ టాక్సీ స్టీరింగు పట్టిన చేతులు, గ్రీజు అంటిన చేతులు ఆమెవి. ఆ అనుభవాన్ని ఎవరూ అరువివ్వలేదు.

'ఆటోమొబైల్' అచ్చు సంచిక 2020లో ఆగిపోయింది. 2024 డిసెంబరులో జీన్ వెళ్లిపోయింది. ఒకరిద్దరు స్త్రీలు లోపలికి వెళ్లినంత మాత్రాన 'మేము' కాస్తా 'మనం' అయిపోదు. బండి నడపగలనని ముందుగా రుజువు చేసుకోనక్కర్లేకుండానే ఒక స్త్రీ ఆ పేజీ తెరిచి, ఇది నాతో కూడా మాట్లాడుతోంది అనుకున్న రోజున అవుతుంది.