మూగజీవముల రక్షణ - దండనము విలువ

మా నర్సింహులపేట ప్రాంతమున అంగడినాడు బాటప్రక్కన నిలిచి చూచువారికి ఒక దృశ్యము తప్పక కన్పట్టును. కోళ్లను కాళ్లు కట్టి, మోటారుసైకిలుకు తలక్రిందులుగ వ్రేలాడదీసి, ఎండలో కోసులకొలది దూరము కొనిపోవుచుందురు. మేకలను బస్తాలవలె ఒకదానిపై నొకటి వేసి తెచ్చుచుందురు. ఒకనాడు నా తరగతిలోని బాలుడొకడు, "సారూ, గిట్ల కట్టుడు తప్పు కాదా?" అని యడిగెను. తప్పే యని చెప్పితిని. "మరి దానికి శిక్ష ఏంది సారూ?" అని మరల నడిగెను. మొదటి తప్పునకు పది రూపాయలకు తక్కువ కాకుండ, ఏబది రూపాయలకు మించకుండ జుల్మానా యని చెప్పవలసివచ్చినది. తరగతి యంతయు నవ్వినది. ఆ నవ్వు ముల్లువలె నా మనస్సున నాటుకొన్నది. పిల్లలు నవ్వినది కోడిని చూచి కాదు, శాసనమును చూచి. శాసనము నవ్వుబాటగుటకు కారణమేమో విచారించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

జంతుదయ పాశ్చాత్యులనుండి నేర్చుకొన్నదని కొందఱును, మన దేశమున నది స్వభావసిద్ధము గావున శాసన మక్కఱలేదని మఱికొందఱును తలంతురు. రెండును పొరపాటే. కౌటిల్యుని పేర నున్న అర్థశాస్త్రమున సూనాధ్యక్షుడను అధికారి ప్రసక్తి కలదు. మాంసవిక్రయమును కనిపెట్టియుండుట అతని పని. దూడను, ఆబోతును, పాడియావును చంపినవానికి ఏబది పణములు దండనము. హింసించి చంపించినవానికిని అంతే. ఇక పణము విలువ యెట్టిదో చూడవలెను. ఆ గ్రంథముననే రాజసేవకుల జీతముల పట్టిక యున్నది. అందు పశువులను సాకెడి పరిచారకుని జీతము అఱువది పణములు. అది ఏడాది జీతము. అనగా జంతువును చిత్రవధ చేసినవాడు ఒక సేవకుని ఏడాది సంపాదనలో ఇంచుమించు అంతయు చెల్లింపవలెను. అట్టి దండనమును విని నవ్వగలవా డెవ్వడు?

ఇది గ్రంథస్థమైన మాట. శిలపై చెక్కిన మాటయు మన తెలుగునేలపైననే యున్నది. కర్నూలు జిల్లాలో, గుత్తికి చేరువనున్న ఎఱ్ఱగుడి బండలపై అశోకుని పదునాలుగు శాసనములును కలవు. మొదటిదానిలో చక్రవర్తి తన వంటయింటి సంగతినే దాచక చెప్పుకొన్నాడు. పూర్వము దినదినము వేలకొలది ప్రాణులు కూరకై చంపబడుచుండగా, శాసనము వ్రాయించునాటికి రెండు నెమళ్లు, ఒక లేడి మాత్రమే చంపబడుచుండెననియు, మున్ముందు అవియును చంపబడవనియు దాని సారము. రెండవ శాసనమున మనుష్యులకును పశువులకును వైద్యము, మూలికలు నాటించుట, బాటలవెంట నూతులు త్రవ్వించుట చెప్పబడినవి. అయిదవదానిలో ధర్మమహామాత్రులను నియమించిన విషయ మున్నది. ఇందలి క్రమము గమనింపదగినది. ప్రభువు ముందు తన యింటిని దిద్దుకొనెను. పిదప సౌకర్యములు కల్పించెను. ఆపై ధర్మమును కనిపెట్టియుండుటకు మనుష్యులను నిలిపెను. అశోకుడు శాసనమును బండకు మాత్రమే అప్పగించి ఊరకుండలేదు.

ఇక ఇంగ్లండు వృత్తాంతము. 1821లో రిచర్డు మార్టిను అను ఐరిషు సభ్యుడు గుఱ్ఱములను హింసింపరాదని పార్లమెంటులో ప్రతిపాదింపగా, గాడిదలను గూడ చేర్పవలెనని మఱియొకడనెను. సభ నవ్వులతో నిండిపోయెను. ఆ ప్రతిపాదన వీగిపోయెను. మఱుసటి యేటనే, 1822లో, గుఱ్ఱములు, పశువులు, గొఱ్ఱెలతోపాటు గాడిదలకును రక్షణ కల్పించు శాసనము అదే పార్లమెంటులో నెగ్గినది. జుల్మానా పది షిల్లింగులు మొదలు అయిదు పౌనుల వఱకు. నాటి వ్యవసాయకూలికి పది షిల్లింగులనగా వారము కష్టమునకు దరిదాపు. మార్టిను అంతటితో నూరకుండక, తానే సంతలకు పోయి, తప్పు చేసినవారిని న్యాయస్థానమున కీడ్చెను. 1824లో లండనున జంతుహింసా నివారణ సంఘ మేర్పడి, సంతలను కనిపెట్టుటకు జీతగాండ్రను నియమించెను. 1835లో అచట కోడిపందెములు నిషేధింపబడినవి. 1866లో న్యూయార్కున హెన్రీ బెర్గు స్థాపించిన సంఘమునకు శాసనమును అమలుజరుపు అధికారమే లభించినది. 2021లో ఇంగ్లండు ఘోరహింసకు గరిష్ఠశిక్షను ఆఱునెలలనుండి అయిదేండ్లకు పెంచినది. ఒకనాడు నవ్విన సభ మఱునాడు శాసించుటయు, శాసించినదానిని కాలానుగుణముగ బలపఱచుటయు ఈ చరిత్రవలన తెలియుచున్నది.

మన దేశమున 1861లో కలకత్తాలో సంఘము పుట్టినది. 1890లో బ్రిటిషు ఇండియాకు శాసనము వచ్చినది. మా ప్రాంతము నాడు నైజాము ఏలుబడిలో నుండుటచే అది యిచట వర్తింపలేదు. స్వాతంత్ర్యానంతరము రాజ్యసభ సభ్యురాలు రుక్మిణీదేవి అరండేలు ఈ విషయమై స్వయముగ బిల్లు తెచ్చి పట్టుపట్టిన ఫలితముగ 1960లో క్రొత్త శాసనము వెలువడినది. కొట్టుట, మోయలేని బరువు మోయించుట, ఆకలిదప్పుల పాలుచేయుట, బాధ కలుగునట్లు కట్టి తరలించుట, ఇవన్నియు నేరములే. 1965 నాటి నియమములు ఇంకను సూక్ష్మములు. బండిలాగు పశువుచే దినమునకు తొమ్మిదిగంటలకు మించి పని చేయింపరాదు. వేడిమి 37 డిగ్రీలు దాటిన చోట పగలు పండ్రెండు మొదలు మూడుగంటల వఱకు బండి కట్టరాదు. మా వైపు వైశాఖమున 37 డిగ్రీలు దాటని మధ్యాహ్న మరుదు. ఈ నియమ మొకటి కలదని ఎందఱు బండివారికి తెలియును?

లోపము ధర్మమున లేదు, అమలున నున్నది. 1960లో వ్రాసిన జుల్మానా అంకెలు, 2022లో కేంద్రప్రభుత్వము సవరణ ముసాయిదా ప్రకటించునాటికిని మారలేదు. అఱువదేండ్లలో రూపాయి కరగిపోయినది, దానితో శిక్షయు కరగినది. కౌటిల్యుని ఏబది పణములు ఏడాది జీతము. మన ఏబది రూపాయలు ఒకపూట ఫలహారము. అంతేకాదు, పశువును కొట్టుట, పస్తుంచుట వంటి నేరములకు పోలీసువారు వారంటు లేక పట్టుకొను అధికారము ఆ శాసనమున లేదు. ప్రతి జిల్లాలోను హింసా నివారణ సంఘ ముండవలెనని 2001లో నియమము చేసిరి. మా గ్రామములలో దాని పేరు విన్నవారు అరుదు. పల్నాటి కథనాటినుండి పేరుమోసిన కోడిపందెములను అరికట్టుమని 2016 డిసెంబరులో హైదరాబాదు ఉన్నతన్యాయస్థాన మాదేశించినను, తరువాతి సంక్రాంతికి గోదావరితీరమున బరులు వెలియకపోలేదు.

ఐనను దండనమొకటే చాలునని నా యభిప్రాయము కాదు. మద్రాసు రాష్ట్రమున 1950లో దేవాలయములయందు జంతుబలిని నిషేధించిరి. తమిళనాట ఆ శాసనము చిరకాలము నిద్రించి, 2003లో హఠాత్తుగ అమలునకు రాగా, గ్రామదేవతలను కొలుచు పేదజనము మొఱవెట్టిరి. 2004లో శాసనమే రద్దయినది. నచ్చచెప్పక నిషేధించినదాని గతి యిట్టిది. అంతకంటె భయంకరమైన పాఠము జర్మనీది. 1933లో అచటి నాజీప్రభుత్వము విపులమైన జంతురక్షణ శాసనము చేసినది. ఆ చేతులే పిదప లక్షలకొలది మనుష్యులను వధించినవి. జంతుదయ మనుష్యద్వేషమునకు ముసుగు కారాదు. పశువుల పేరు చెప్పి దారినిపోవు బండివానిని కొట్టువారు ఈ సంగతి స్మరింపవలెను. పేదవాని కోడితట్టకును, ధనికుని పందెపుబరికిని శాసన మొకటే కావలెను.

కావున చేయవలసినవి మూడు. జుల్మానా నేటి రూపాయి విలువకు తగినట్లు పెరుగవలెను. ప్రతి మండలమునను అంగడినాడు నిలిచి చూచుటకు బాధ్యుడొక డుండవలెను. పశువైద్యుని కట్టి బాధ్యత నొసగిన చాలును. మూడవది మా యుపాధ్యాయుల వంతు. నాటి ప్రశ్న పిమ్మట, కోళ్లను గంపలో నిలువబెట్టి తెచ్చినచో తలక్రిందులు చేయ నవసరము లేదని తరగతిలో చెప్పితిని. ఆ బాలుడు మఱుసటి వారము వచ్చి, "మా నాయన గంప కొన్నడు సారూ" అనెను. ఆనాడు తరగతిలో నెవ్వరును నవ్వలేదు.