నాలుగు చీరల బొంత

ఆ పత్తికట్టె ఇంకో నాలుగు పుల్లలు మంటలోకి ఎగదొయ్యరా నాయనా. చిన్నదాన్ని ఇట్లా నా ఒళ్లో పడుకోబెట్టు తల్లీ, బొంత కప్పుతా. పొద్దున ఈ బొంత ఎందుకు దాస్తావు నాయనమ్మా, బజార్లో రగ్గులు దొరకవా అని అడిగావు కదా. చెప్తా, వినండి.

మేళ్లచెరువులో మా చిన్నప్పుడు గుడ్డముక్క పారేసిన ఇల్లు లేదు. చీర చిరిగితే ముందు మాసిక పడేది. మాసికకూ ఆగకపోతే రెండు చీరల్లో బాగున్న సగాలు చించి, కలిపి కుట్టి అతుకుచీర కట్టుకునేవాళ్లు. అదీ నలిగితే ఆడపిల్లకు లంగా అయ్యేది. లంగా పోతే దిండు గలేబు, గలేబు పోతే పొయ్యికాడ మసిగుడ్డ. చిట్టచివరి పేలిక దీపంలో వత్తి అయ్యేది. పత్తి పండించిన చెయ్యికి గుడ్డ విలువ తెలుసు.

నాకు ఊహ తెలియకముందు సంగతి మా అమ్మ చెప్పేది. రజాకార్ల రోజులు. మనది నైజాం రాజ్యం, పక్కనున్న మునగాల పరగణా మాత్రం మద్రాసు వాళ్ల కృష్ణా జిల్లాలో ఉండేది. చీకటిపడితే భయం. కొన్నాళ్లు మా వాళ్లు ఇల్లు వదిలి పొలిమేర దాటారు. బిందె, గిన్నె, తిండిగింజలు అన్నీ ఒక బొంతలో మూటగట్టి మా నాయన నెత్తిన పెట్టుకున్నాడట. ఇంకో బొంతలో నన్ను చుట్టి అమ్మ ఎత్తుకుందట. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి నైజాం లొంగిపోయాక తిరిగొచ్చారు. మోసుకుపోవడానికి అదే, పరుచుకోవడానికి అదే, కప్పుకోవడానికీ అదే. అమ్మ ఆ మాట చెప్పేటప్పుడల్లా బొంత అంచు నిమిరేది.

నేను కాపురానికొచ్చిన ఏడు మా అత్త దగ్గర బొంత కుట్టడం నేర్చుకున్నా. బొంతకు కొత్తగుడ్డ పనికిరాదు. కొత్తది ఉతికితే ముడుచుకుపోయి కుట్టును లాగుతుంది. ఎన్నోసార్లు ఉతికిన నూలుచీర కావాలి. ఐదున్నర మీటర్ల చీరను నడిమికి చించి, రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి కలిపితే ఇద్దరు పడుకునేంత వెడల్పొస్తుంది. అట్లాంటివి పైకొకటి, అడుగుకొకటి. నడుమ చినిగిన చీరలు రెండు, సందుల్లో పంచె ముక్కలు.

వాకిట్లో చాప పరిచి, చీరలు ముడత లేకుండా లాగి, నాలుగు మూలలా బండరాళ్లు పెట్టేది మా అత్త. ముందు జానెడు జానెడు దూరంలో వదులుగా టాకాలు వెయ్యాలి. తర్వాత నలుగురం నాలుగు అంచులకూ కూర్చుని, చుట్టూ తిరిగొస్తూ లోపలికి కుట్టుకురావాలి. కుట్టు బియ్యపు గింజంత పడాలి. పెద్దదైతే పిల్లల కాలివేలు ఇరుక్కుంటుంది.

మొదటిసారి నేను తొందరపడి టాకాలు వెయ్యకుండానే మొదలుపెట్టా. నడిమికొచ్చేసరికి గుడ్డంతా పొంగి గోపురంలా లేచింది. అత్త ఒక్క మాట అనలేదు. దీపం దగ్గరికి జరిగి మూడు రోజుల కుట్టు విప్పింది. దారం కూడా పారెయ్యలేదు, పుల్లకు చుట్టి పక్కన పెట్టింది. అప్పటినుంచి ఏ పనికైనా ముందు టాకాలు వేసుకోవడం నాకు అలవాటైంది.

శివరాత్రికి శంభులింగేశ్వరస్వామి జాతరంటే పిల్లలకు కొత్తబట్టల పండుగ. ప్రభలు చూడటానికి మాసిక లంగాతో ఎట్లా పంపుతాం? అయినా ఏడాదికొకటి కొనే స్తోమత ఎక్కడిది? అందుకే లంగా పొడవుగా కుట్టి, అడుగున మూడు మడతలు పెట్టేవాళ్లం. ఏడాదికో మడత విప్పితే నాలుగు జాతరలకు అదే లంగా. విప్పినచోట రంగు వెలవని గీత కనపడేది. ఆ గీతలు చూసి పిల్ల ఎంత ఎదిగిందో చెప్పేవాళ్లం.

1967 ఆగస్టులో సాగర్ కాల్వలకు నీళ్లొదిలారు. ఈ వైపు జొన్న చేలు వరిమళ్లయ్యాయి. నాలుగు బస్తాలు అమ్ముకున్నాక మీ తాత కోదాడ నుంచి బండిలో ఉషా మిషను తెచ్చాడు. నాకు తెలియకుండా తెచ్చాడు. గాంధీ గారు యంత్రాలను అంతగా కాదన్నా, కుట్టుమిషనును మాత్రం మెచ్చుకున్నాడని మా ఊరి పంతులుగారు ఆరోజే చెప్పాడు. భార్య చేత్తో కుట్టి పడే అవస్థ చూడలేక సింగర్ దొర దాన్ని తయారుచేశాడని గాంధీ గారి మాటట. మీ తాత అది విని తల దించుకుని నవ్వుకున్నాడు.

ఆ మిషను మీద రవికలు, పిల్లల లాగులు, చేసంచులు ఎన్ని కుట్టానో. మీరూ కుట్టొచ్చు, కష్టమేం లేదు. పాత ప్యాంటు కాలు కోసి, అడుగు రెండుసార్లు కుడితే సంచి. పట్టుకునే పట్టీ కుట్టే చోట చదరంగా కుట్టి, లోపల మూల నుంచి మూలకు అడ్డంగా రెండు కుట్లు వెయ్యండి. ఐదు కిలోల బియ్యం మోసినా తెగదు.

బొంత మాత్రం నేను మిషను మీద కుట్టలేదు. మిషను కుట్టు బిగుతుగా పట్టి బొంతను అట్ట చేస్తుంది. చేతికుట్టు వదులుగా ఉంటుంది, ఒంటికి ఒదుగుతుంది. పాలిస్టర్ చీరలూ వద్దు. అవి చెమట పీల్చవు, చంటిపిల్ల తడిపితే తడి అట్లాగే నిలబడుతుంది.

ఇదిగో, ఈ ఎర్రంచు ముక్క మా అమ్మది. ఈ నీలం గళ్లది మా అత్తది. నడుమ మీ తాత పంచె ఉంది, పైకి కనపడదు. మీ నాన్న, మీ అత్తలు, మీరు, అందరూ దీనిమీదే పడుకున్నారు. పైచీర రెండుసార్లు మార్చా, లోపలివి అవే.

మీ అక్కకు ఇప్పుడు ఏడో నెల. బీరువాలో నా నూలుచీరలు నాలుగున్నాయి. రేపు ఎండెక్కాక ఉతికి ఆరెయ్యండి. ఎల్లుండి వాకిట్లో చాప పరుద్దాం. మీరు టాకాలు వెయ్యండి, సూదిలో దారం ఎక్కించిపెట్టండి, నాకు కన్ను ఆనడం లేదు. కుట్టడానికి చెయ్యి ఇంకా ఆడుతుంది.