కూత నుంచి మైకు దాకా

కబడ్డీలో నోటికి హద్దు పెట్టేది ఊపిరే. కూతకు పోయినోడు దమ్ము విడవకుండా కబడ్డీ కబడ్డీ అంటూనే ఉండాలి, కూత తెగితే ఔట్. రెచ్చగొట్టాలంటే తొడ చరుస్తాడు, మీసం తిప్పుతాడు. నర్మెట్టలో ఆడినా జనగామలో ఆడినా ఎదుటి జట్టువాడు కళ్లముందే ఉంటాడు, రేపు బస్సులోనూ కలుస్తాడు. అందుకే మాట మరీ హద్దు దాటదు.

కంప్యూటరు ఆటల్లోకి మాట తొందరగానే వచ్చింది. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ తయారుచేసిన 'మడ్'లో ఆటగాళ్లు టైపు చేసి మాట్లాడుకునేవారు. 1999లో మొదలైన కౌంటర్‌స్ట్రైక్‌తో సంగతి ముదిరింది. అందులో చచ్చిన ఆటగాడు రౌండు ముగిసేదాకా ఊరికే చూస్తూ కూర్చోవాలి. చేతికి పని లేదు, నోటికి మాత్రం బోలెడంత తీరిక. ఓడినందుకు వచ్చిన కోపమంతా ఇంకా ఆడుతున్న తోటివాడి మీదికి పోతుంది. నిజానికి ఈ ఆటల్లో ఎక్కువ తిట్లు తినేది ప్రత్యర్థి కాదు, సొంత జట్టువాడే! నెట్ సెంటర్లో ఆడినన్నాళ్లు తిట్టినవాడు పక్క కుర్చీలోనే ఉండేవాడు. 2002 నవంబరులో ఎక్స్‌బాక్స్ లైవ్ అనే ఆన్‌లైన్ ఆటల సేవ ఇంట్లో కూర్చున్నవాడి చెవికి హెడ్‌సెట్ తగిలించాక ఆ మొహమాటమూ పోయింది.

మన దగ్గర 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. 2018లో పబ్‌జీ మొబైల్ దిగేసరికి పల్లె పిల్లల చేతుల్లో ఫోనూ డేటా రెండూ ఉన్నాయి. "అన్నా, నాక్ అయిన, రివైవ్ చెయ్యి", "కవర్ ఇయ్యి", "ఇంట్ల ఎనిమీ ఉన్నడు". నలుగురి స్క్వాడ్ బతకాలంటే ఈ మాటలు కావాల్సిందే. అదే మైకులో అరక్షణం తర్వాత అమ్మనాబూతులు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం ఆ ఆటను నిషేధించింది. మరుసటి ఏడాది బీజీఎంఐగా తిరిగొచ్చినప్పుడు మైకూ వెంటే వచ్చింది.

ఈ తిట్లకు మందులు వెతికినవాళ్లు లేకపోలేదు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే ఆట 2011లో ఫిర్యాదులపై తీర్పు ఆటగాళ్ల చేతికే ఇచ్చింది, కొన్నేళ్లకు ఆ ఏర్పాటును మూసేసింది. 2019లో అపెక్స్ లెజెండ్స్ తెచ్చిన పింగ్ నాకు ఎక్కువ నచ్చింది. శత్రువు ఎక్కడున్నాడో, తుపాకీ ఎక్కడ పడి ఉందో ఒక్క బటన్‌తో జట్టుకు చూపొచ్చు. గొంతు వినబడగానే వేధింపులు మొదలవుతాయని మైకు మూసుకొని ఆడే అమ్మాయిలకు అది పెద్ద ఆసరా. అయినా గెలిచిన రౌండు తర్వాత జట్టుతో కలిసి కేరింతలు కొట్టే సంబరం వాళ్లకు ఇంకా దక్కలేదు.