గృహ కంప్యూటర్ పరిమాణ పరిణామం: చిన్న డెస్క్‌టాప్‌ల ఆదరణ - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

అరచేతి వెడల్పున్న డెస్క్‌టాప్ కంప్యూటర్లు గత ఇరవై ఏళ్లలో ఇళ్లలోకి ప్రవేశించి క్రమంగా ఆదరణ పొందుతున్నాయి. విడిభాగాలు చిన్నవి కావడమే దీనికి కారణమన్నది సాధారణాభిప్రాయం. అది పాక్షిక సత్యం మాత్రమే. ఒకప్పుడు పెట్టెలో వేర్వేరు భాగాలు చేసిన పనులు కొన్ని చిప్‌లోకి, కొన్ని సాఫ్ట్‌వేర్‌లోకి, మరికొన్ని పెట్టె వెలుపలికి తరలిపోవడం వల్లనే ఈ పరిమాణం సాధ్యమైందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ తరలింపులో తెలుగు లిపికి కూడా పాత్ర ఉన్నదని, ఆ తరలింపు వల్లనే మరమ్మతు చేసుకొనే వీలు వినియోగదారుకు దూరమవుతున్నదని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: గృహ కంప్యూటర్, చిన్న డెస్క్‌టాప్, విస్తరణ కార్డు, తెలుగు లిపి, యూనికోడ్, మరమ్మతు.

1. ఉపోద్ఘాతం:

తెలుగువారి ఇళ్లలో కంప్యూటర్ పెట్టెను 'సీపీయూ' అని పిలవడం వాడుక. సాంకేతికంగా ఆ పేరు పెట్టెలోని ఒకే ఒక్క చిప్‌కు చెందుతుంది. మదర్‌బోర్డు, డిస్కు, విద్యుత్తును అందించే భాగం, ఫ్యాన్లు కలిసిన మొత్తానికి ఆ పేరు పెట్టడం పొరపాటని కంప్యూటర్ పాఠాలు చెప్పేవారు సవరిస్తూ వచ్చారు. కానీ నేటి చిన్న డెస్క్‌టాప్‌ను విప్పి చూస్తే ఆ వాడుకే నిజమవుతున్నట్టు కనిపిస్తుంది. ఇప్పుడు పెట్టెలో ప్రాసెసర్, దాని వేడిని బయటికి పంపే ఏర్పాటు తప్ప చెప్పుకోదగినంత చోటు ఆక్రమించేవి తక్కువ. తక్కిన భాగాలు ఎక్కడికి పోయాయన్న ప్రశ్నకు సమాధానమే చిన్న డెస్క్‌టాప్ చరిత్ర.

ఈ వ్యాసంలో 'చిన్న డెస్క్‌టాప్' అనే మాటను సుమారు రెండు లీటర్ల లోపు ఘనపరిమాణం ఉండి, తెరను, కీబోర్డును విడిగా అమర్చుకోవలసిన కంప్యూటర్‌కు వర్తింపజేస్తున్నాను. పరిణామక్రమాన్ని చూపడానికి అవసరమైన చోట ఈ నిర్వచనానికి వెలుపలి యంత్రాలను కూడా ప్రస్తావించాను.

2. తొలినాటి గృహ కంప్యూటర్ - టీవీ తోడు:

కంప్యూటర్ ఇంట్లోకి వచ్చిన తొలిరోజుల్లో అది చిన్నదే. 1980లో బ్రిటన్‌లో సింక్లెయిర్ సంస్థ విడుదల చేసిన జెడ్‌ఎక్స్80 ధర 99.95 పౌండ్లు. దాని జ్ఞాపకశక్తి ఒక కిలోబైటు. కీబోర్డు అడుగునే కంప్యూటర్ మొత్తం ఇమిడి ఉండేది. దానికి ప్రత్యేకమైన తెర లేదు. ఇంట్లో ఉన్న టీవీకే తగిలించుకోవాలి. 1982లో వచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కూడా ఈ పద్ధతినే అనుసరించింది. ఇంట్లో ఉన్న వస్తువును వాడుకొని ధర తగ్గించడం ఈ రూపకల్పనలోని మూలసూత్రం.

అదే కాలంలో ఏకార్న్ సంస్థ తయారుచేసిన బీబీసీ మైక్రో 1981 చివర విడుదలైంది. భారతదేశ విద్యారంగానికి దీనితో ప్రత్యక్ష సంబంధం ఉంది. 1984లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' పేరుతో పాఠశాలల్లో కంప్యూటర్ అక్షరాస్యత కార్యక్రమాన్ని చేపట్టినప్పుడు ఎంచుకొన్నది ఈ యంత్రాన్నే. కాబట్టి మన దేశంలోని ఒక తరం విద్యార్థులు మొదట చూసిన కంప్యూటర్ నిలువెత్తు పెట్టె కాదు, కీబోర్డుతో కలిసిపోయిన చిన్న యంత్రం.

3. పెట్టె పెరిగిన కాలం:

1981 ఆగస్టు 12న ఐబీఎం ప్రకటించిన పర్సనల్ కంప్యూటర్ వేరొక సూత్రం మీద నిలిచింది. అందులో ఐదు విస్తరణ స్లాట్లు ఉండేవి. తెరపై బొమ్మ కనిపించడానికి ఒక కార్డు, అదనపు జ్ఞాపకశక్తికి ఇంకొక కార్డు పెట్టవలసి వచ్చేది. కొన్ననాటికి లేని సౌకర్యాన్ని తరువాత చేర్చుకోవడానికి పెట్టెలో ఖాళీ ఉంచడం ఈ పద్ధతి ప్రత్యేకత. 1990లలో శబ్దానికి, మోడెమ్‌కు, నెట్‌వర్కుకు వేర్వేరు కార్డులు వచ్చాయి. సీడీ డ్రైవు, ఫ్లాపీ డ్రైవు ముందుభాగాన్ని ఆక్రమించాయి. 1995లో ఇంటెల్ ప్రతిపాదించిన ఏటీఎక్స్ ప్రమాణంతో నిలువు పెట్టె రూపం స్థిరపడింది.

ఈ రూపం మన దగ్గర ఒక వృత్తినే సృష్టించింది. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల విడిభాగాలు కొని 'అసెంబుల్డ్' కంప్యూటర్‌ను బిగించి ఇవ్వడం జీవనోపాధి అయింది. చెడిన భాగాన్ని మార్చడం, జ్ఞాపకశక్తిని పెంచడం స్క్రూడ్రైవరుతో జరిగే పనులు. ఇంట్లో కీబోర్డుకు జారే పలక, పెట్టెకు కింది అర ఉన్న కంప్యూటర్ టేబుల్, పక్కన యూపీఎస్ చేరి అదంతా ఒక మూలను శాశ్వతంగా ఆక్రమించింది.

తెలుగు పరిశోధకులు గమనించవలసిన అంశం ఈ దశలోనే ఉంది. ఆనాటి కంప్యూటర్‌కు భారతీయ లిపులు తెలియవు. కాన్పూరు ఐఐటీలో మొదలై, 1988లో ఏర్పడిన సీడాక్ సంస్థలో కొనసాగిన 'జిస్ట్' పరిశోధన ఫలితంగా జిస్ట్ కార్డు వచ్చింది. దానిని కంప్యూటర్ స్లాటులో బిగిస్తే తెరపై తెలుగు, హిందీ మొదలైన లిపులు కనిపించేవి. అంటే ఒత్తులు, గుణింతాలు సరైన చోట కూర్చోబెట్టే పనికి ప్రత్యేకమైన పరికరం, ఆ పరికరానికి పెట్టెలో చోటు అవసరమయ్యాయి. ఆ పద్ధతిలో తెలుగు రాయాలనుకొన్నవారికి కార్డు పట్టే పెట్టె తప్పనిసరి అయింది.

4. పెట్టె ఖాళీ అయిన క్రమం:

పెట్టెలోని పనులు మూడు దిక్కులకు తరలిపోయాయి.

మొదటిది చిప్‌లోకి తరలింపు. ధ్వని, నెట్‌వర్కు సౌకర్యాలు మదర్‌బోర్డులో భాగమయ్యాయి. 2001లో వయా సంస్థ ప్రతిపాదించిన మినీ ఐటీఎక్స్ ప్రమాణంలో మదర్‌బోర్డు 17 సెంటీమీటర్ల చదరానికి తగ్గింది. 2011లో ఇంటెల్ శాండీబ్రిడ్జ్ తరంలో బొమ్మను చిత్రించే విభాగం కూడా ప్రాసెసర్ ఉన్న సిలికాన్ ముక్కలోనే చేరింది. దీనికి ముందే వేడి సమస్య ఒక మలుపు తెచ్చింది. 2004 నాటి పెంటియం 4 ప్రాసెసర్లు వంద వాట్ల స్థాయికి చేరుకొన్నాయి. అదే ఏడాది ఇంటెల్ ఆ వరుసలోని తరువాతి ప్రాసెసర్ ప్రయత్నాన్ని విరమించి, తక్కువ విద్యుత్తుతో పనిచేసే నమూనాల వైపు మళ్లింది. ల్యాప్‌టాప్ కోసం జరిగిన పొదుపు డెస్క్‌టాప్‌కు వరమైంది. వేడి తగ్గితే ఫ్యాన్ చిన్నదవుతుంది, ఫ్యాన్ చిన్నదైతే పెట్టె చిన్నదవుతుంది.

రెండవది సాఫ్ట్‌వేర్‌లోకి తరలింపు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు స్థానం లభించింది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి రావడం, అక్షరాలను కూర్చే పనిని ఆపరేటింగ్ సిస్టమే చేపట్టడం వల్ల తెలుగుకు ప్రత్యేక కార్డు అవసరం తీరిపోయింది. మొదట ఒక స్లాటును కోరిన లిపి ఇప్పుడు పెట్టెలో చోటే అడగడం లేదు. స్లాట్లు లేని కంప్యూటర్‌లోనూ తెలుగులో సిద్ధాంతగ్రంథం రాయగలగడానికి ఈ మార్పే మూలం. చిన్న డెస్క్‌టాప్ చరిత్రను కేవలం చిప్‌ల చరిత్రగా రాస్తే ఈ అంశం కనుమరుగవుతుంది.

మూడవది వెలుపలికి తరలింపు. విద్యుత్తును మార్చే భాగం తీగ మధ్యలోని అడాప్టరుగా బయటికి వచ్చింది. పాటలు, సినిమాలు డిస్కుల మీదినుంచి నెట్‌వర్కు మీదికి మారాయి. 2011లో ఆపిల్ తన మ్యాక్ మినీనుంచి డిస్కు డ్రైవును తొలగించడం దీనికి నిదర్శనం. హార్డ్‌డిస్కు స్థానంలో 22 మిల్లీమీటర్ల వెడల్పున్న పలుచని నిల్వ పలక వచ్చింది. 2002 చివర వెలువడిన హెచ్‌డీఎంఐ ప్రమాణం వల్ల కంప్యూటర్‌కు, టీవీకి ఒకే తీగ సరిపోయింది. జెడ్‌ఎక్స్80 నాటి 'ఇంటి టీవీయే తెర' అనే సూత్రం దీనితో తిరిగి వచ్చింది.

5. ధర నిర్ణయించిన ఆదరణ:

చిన్నదైనంత మాత్రాన కంప్యూటర్ ఇంట్లోకి రాదని చరిత్ర చెబుతుంది. 2000 జూలైలో ఆపిల్ విడుదల చేసిన పవర్ మ్యాక్ జీ4 క్యూబ్ సుమారు 8 అంగుళాల ఘనం, ఫ్యాన్ లేని నిశ్శబ్ద యంత్రం. ధర 1,799 డాలర్లు. ఏడాదికే దాని ఉత్పత్తి నిలిచిపోయింది. 2005 జనవరిలో అదే సంస్థ తెచ్చిన మ్యాక్ మినీ 6.5 అంగుళాల చదరం, 2 అంగుళాల ఎత్తు. ధర 499 డాలర్లు. తెర, కీబోర్డు, మౌస్ కొనుగోలుదారే తెచ్చుకోవాలన్న షరతుతో అది నిలదొక్కుకొంది. 2024 నమూనా 5 అంగుళాల చదరానికి కుదించుకుపోయింది. దాని ఘనపరిమాణం లీటరు లోపే.

2012 ఫిబ్రవరి 29న బ్రిటన్‌లో 35 డాలర్ల ధరకు విడుదలైన రాస్ప్‌బెర్రీ పై మోడల్ బి మరొక మలుపు. ఆ నమూనా పేరే బీబీసీ మైక్రోకు నివాళి. 2020 నవంబరులో వచ్చిన పై 400లో కంప్యూటర్ మళ్లీ కీబోర్డు లోపలికి చేరింది. నలభై ఏళ్ల వలయం పూర్తయింది. ఈ మధ్యలో ఇంటెల్ నాలుగు అంగుళాల చదరపు బోర్డుతో 'నక్' శ్రేణిని 2013 నాటికి విపణిలోకి తెచ్చింది. 2023లో ఇంటెల్ దానినుంచి వైదొలగగా ఏసుస్ సంస్థ కొనసాగిస్తున్నది. కార్యాలయాల కోసం లెనోవో, డెల్, హెచ్‌పీ తయారుచేసిన లీటరు పరిమాణపు యంత్రాలు కొన్నేళ్ల వాడకం తరువాత పాతసరుకుగా ఇళ్లకు చేరడం కూడా ఈ ఆదరణలో భాగమే.

6. మన ఇంటి సందర్భం:

ఈ ఆదరణను అతిగా అంచనా వేయరాదు. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం దేశంలో కంప్యూటర్ ఉన్న కుటుంబాలు గ్రామాల్లో 4.4 శాతం, పట్టణాల్లో 23.4 శాతం. ల్యాప్‌టాప్, టాబ్లెట్లు కూడా ఈ లెక్కలోనే ఉన్నాయి. అధికసంఖ్యాకులకు తొలి కంప్యూటర్ మొబైల్ ఫోనే. 2020లో కరోనా కాలంలో ఇల్లే తరగతి గదిగా, కార్యాలయంగా మారినప్పుడు ఫోను పరిమితులు స్పష్టమయ్యాయి. పాఠం వినడానికి ఫోను చాలుతుంది. పాఠాంతరాలను పక్కపక్కన పెట్టి సరిపోల్చడానికి, రెండు వందల పుటల వ్యాసాన్ని దిద్దడానికి చాలదు. పెద్ద తెర, పూర్తి కీబోర్డు అవసరమైన పనికి చిన్న డెస్క్‌టాప్ చవకైన మార్గంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

విద్యుత్తు పొదుపు మరొక కారణం. వంద వాట్లు తీసుకొనే పెట్టెను రోజుకు ఐదు గంటల చొప్పున నెలరోజులు వాడితే 15 యూనిట్లు; ఇరవై వాట్ల యంత్రానికి 3 యూనిట్లే. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద ఎక్కువసేపు నిలవడం మన ప్రాంతాల్లో బిల్లు కంటే విలువైన సౌకర్యం.

ప్రభుత్వం కూడా ఈ యంత్రాలను ప్రత్యేక వర్గంగా గుర్తించింది. 2023 ఆగస్టు 3న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జారీచేసిన దిగుమతి ఆంక్షల ప్రకటనలో ల్యాప్‌టాప్, టాబ్లెట్, సర్వర్లతోపాటు 'అల్ట్రా స్మాల్ ఫారం ఫాక్టర్' కంప్యూటర్ల పేరు విడిగా కనిపిస్తుంది. ఆ ఆంక్షలు తరువాత అనుమతి విధానంగా సడలినప్పటికీ, పరిమాణం ఆధారంగా కంప్యూటర్‌ను వర్గీకరించిన అధికారపత్రంగా దానికి చారిత్రక ప్రాధాన్యం ఉంది.

7. తరలింపు వల్ల కలిగిన నష్టం:

పెట్టెలోంచి పనులు తరలిపోవడంతో వినియోగదారు అధికారం కూడా తగ్గింది. 2014 మ్యాక్ మినీలో జ్ఞాపకశక్తి చిప్‌లను బోర్డుకే అతికించారు. 2018లో తిరిగి మార్చుకొనే వీలు కల్పించినా, 2020లో వచ్చిన ఎం1 నమూనాలో అవి ప్రాసెసర్‌తోనే కలిసిపోయాయి. కొన్ననాడు ఎంచుకొన్న జ్ఞాపకశక్తే చివరివరకు. దీనికి భిన్నంగా నక్ శ్రేణిలోనూ, కార్యాలయపు లీటరు యంత్రాల్లోనూ జ్ఞాపకశక్తిని, నిల్వను మార్చుకొనే వీలున్న నమూనాలు అనేకం. కాబట్టి చిన్నతనానికి, మరమ్మతుకు సహజవైరం లేదు. అది తయారీదారు తీసుకొన్న నిర్ణయం.

యంత్రం ఆయుష్షును సాఫ్ట్‌వేర్ కూడా నిర్ణయిస్తున్నది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. ఇంటెల్ ప్రాసెసర్లలో స్థూలంగా ఎనిమిదవ తరానికి ముందువాటిని విండోస్ 11 అధికారికంగా అంగీకరించదు. చక్కగా పనిచేస్తున్న పాత చిన్న డెస్క్‌టాప్‌లు లైనక్స్ వంటి ప్రత్యామ్నాయానికి మారకపోతే భద్రతాపరంగా నిరాధారమవుతాయి. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'మరమ్మతు హక్కు' మీద సంఘాన్ని నియమించడాన్ని ఈ నేపథ్యంలోనే అర్థం చేసుకోవాలి.

పరిశోధకులకు ఇది దూరపు విషయం కాదు. క్షేత్రపర్యటనలో సేకరించిన ధ్వనిముద్రణలు, తాళపత్రాల ఛాయాచిత్రాలు నేడు ఇంటి కంప్యూటర్లలోనే ఉంటున్నాయి. నిల్వ పలకను విప్పి తీయగలిగిన యంత్రంలో బోర్డు పాడైనా, ఆ సేకరణను మరొక యంత్రానికి మార్చుకొనే అవకాశం ఉంటుంది. నిల్వ బోర్డుకే అతికి ఉండి, వేరే ప్రతి లేకపోతే యంత్రంతోపాటు అదీ పోతుంది.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. చిన్న డెస్క్‌టాప్ సరికొత్త ఆవిష్కరణ కాదు. 1980ల గృహ కంప్యూటర్ సూత్రానికి అది పునరాగమనం. మధ్యలోని పెద్దపెట్టె విస్తరణ కార్డుల అవసరం నుంచి పుట్టింది.

2. పరిమాణం తగ్గడానికి పనులు చిప్‌లోకి, సాఫ్ట్‌వేర్‌లోకి, పెట్టె వెలుపలికి తరలడం మూలకారణం. జిస్ట్ కార్డునుంచి యూనికోడ్ వరకు సాగిన తెలుగు లిపి ప్రస్థానం ఇందులో ఒక అధ్యాయం.

3. ఆదరణను నిర్ణయించినవి ధర, విద్యుత్ పొదుపు, ఫోను తీర్చలేని అవసరాలు. అందం ఒక్కటే చాలదని క్యూబ్ అనుభవం తెలుపుతున్నది.

4. మార్చుకోదగిన భాగాలున్న చిన్న యంత్రం సాధ్యమేనని విపణిలో ఉన్న నమూనాలే నిరూపిస్తున్నాయి. కళాశాలలు, పరిశోధకులు కొనుగోలు చేసేటప్పుడు పెట్టె ఎంత చిన్నదో చూడడంతోపాటు, అది స్క్రూడ్రైవరుకు తెరుచుకొంటుందో లేదో కూడా చూడవలసి ఉంది.