కలివికోడి జాడ

కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వారి ప్రదర్శనశాలను నిర్వహించుచుండిన ఎడ్వర్డ్ బ్లైత్ 1848వ సంవత్సరమున ఒక పక్షిని శాస్త్రలోకమునకు పరిచయము చేసెను. దానిని సంపాదించినవాడు మద్రాసు సైన్యమున వైద్యుడైన జెర్డన్. ఆంగ్లమున నేటికిని దానికి ఆతని పేరే. కడప సీమ పల్లెవాసులకు మాత్రము అది కలివికోడి. జానెడు కంటె కొంచెము పొడవుండి, రొమ్ముపై రెండు పట్టీలు కలిగి, ముండ్లపొదల నడుమ నేలపై పరుగిడు పక్షి యిది.

1900లో అనంతపురము ప్రాంతమున కనబడిన పిమ్మట అది పండితుల కంట పడలేదు. వెదకినవారు లేకపోలేదు, కాని పగటివేళ వెదకిరి. పక్షి సంచరించునది రాత్రివేళ! తుదకది నశించినదనియే పలువురు తలచిరి.

1986 జనవరిలో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ వారి అన్వేషణ ఫలితముగా, కడప జిల్లా రెడ్డిపల్లి చెంత ఒక స్థానికుడు రాత్రి దీపపు వెలుగున కలివికోడిని సజీవముగా పట్టెను. ఎనుబదియారేండ్లకు దొరికిన ఆ పక్షి నిర్బంధముననే మరణించినది. పట్టినవానిని నిందింప పనిలేదు. ఉన్నదని రుజువు చూపుటకు నాడు వేరు మార్గము తోచలేదు.

మార్గము పిమ్మట దొరకినది. పొదల నడుమ మెత్తని మన్ను పరచి, తెల్లవారిన తరువాత దానిపై పడిన అడుగుజాడలను పరిశీలించుట. పక్షి దాటినంతనే తనంతట పనిచేయు కెమేరాను అమర్చుట. ఈ రెండవది పూర్తిగా క్రొత్త యుక్తి కాదు. 1920 దశకమున ఉత్తర భారతమున అటవీ అధికారి ఛాంపియన్, దారికడ్డముగా తీగ కట్టి, పులి చేతనే దాని ఛాయాచిత్రమును తీయించెను. ఇట్లు పక్షిని ముట్టకయే అది మసలు తావులు తెలిసినవి. పొదలు మరీ చిక్కనైనను, మరీ పలుచనైనను అది నిలువదని కూడ తేలినది.

1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడెను. అయినను 2005 ప్రాంతముల తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఆ పక్షి నివాసమును తాకెను. రాయలసీమకు నీటి విలువ వేరుగ చెప్పవలెనా? కాలువ మానలేదు, దాని దారి మార్చబడినది. మన్నుపై అడుగులు లెక్కించినవారి శ్రమ అప్పుడు అక్కరకు వచ్చినది. అప్పటికే యంత్రముల క్రింద పడిన పొదలు మాత్రము పోయినవి. తరువాతి యేండ్లలో కలివికోడి దర్శనము మరింత అరుదైనది.