జార్జ్‌టౌన్ సర్కిల్‌లో ఫలితాల గురువారం

మా ఊరు జార్జ్‌టౌన్ పుట్టిందే కోర్టు కోసం, ఓట్ల కోసం. అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో ఉన్నవి మూడే కౌంటీలు. దక్షిణాన ఉన్న మా ససెక్స్ కౌంటీకి మొదట్లో లూయిస్ కేంద్రం. అదేమో తూర్పు కొసన, నీటి ఒడ్డున ఉంది. మేరీలాండ్‌తో సరిహద్దు తగువు తేలి పడమటి భూములు ఇటు కలిశాక, అక్కడి రైతులకు లూయిస్ వెళ్లి రావడం పెద్ద ప్రయాణమైపోయింది. అందుకే 1791లో శాసనసభ చట్టం చేసి కేంద్రాన్ని కౌంటీ నడిమధ్యకు మార్చింది. ఆ పని ముందుండి నడిపించిన జార్జ్ మిచెల్ పేరే ఊరికి పెట్టారు. ఇక్కడి నుంచి ఎటు వెళ్లాలన్నా పదహారు మైళ్లని పాతవాళ్లు చెప్పుకునేవారు.

ఆ రోజుల్లో ఓటు వేయాలంటే జార్జ్‌టౌన్‌కే రావాలి. ఓటేసిన రెండు రోజులకు, లెక్క తేలాక, మళ్లీ బండ్లు కట్టుకొని ఫలితం వినడానికి వచ్చేవారు. 1811లో ‘హండ్రెడ్’ అనే చిన్న విభాగాల్లోనే ఓటు వేసే వీలు కల్పించారు. ఓటు కోసం రావలసిన పని తప్పింది కానీ, ఫలితం కోసం రావడం మాత్రం జనం మానలేదు. అదే మా రిటర్న్ డే.

సరి సంవత్సరాల నవంబరులో పోలింగ్ మంగళవారం జరుగుతుంది. గురువారం నాడు ఊరంతా నడిబొడ్డున ఉన్న సర్కిల్ చుట్టూ చేరుతుంది. ముందు రాత్రి నుంచే ఎద్దు మాంసం నిప్పుల మీద కాలుతూ ఉంటుంది. మర్నాడు దాన్ని బ్రెడ్డులో పెట్టి అందరికీ ఉచితంగా పంచుతారు. ఆ వరుసలో గవర్నరు అభ్యర్థి వెనక కోళ్ల ఫ్యాక్టరీ కార్మికుడు నిలబడి ఉన్నా ఎవరూ వింతగా చూడరు. గెలిచినవారు, ఓడినవారు ఒకే గుర్రబ్బండిలో పక్కపక్కన కూర్చొని ఊరేగుతారు. కోర్టు బాల్కనీ మీద నుంచి చాటింపు మనిషి, పొడుగు టోపీ పెట్టుకొని, ససెక్స్‌లో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో గొంతెత్తి చదువుతాడు. చివర్లో పార్టీల కౌంటీ అధ్యక్షులు ఒకే గొడ్డలిని కలిసి పట్టుకొని, ఇక పగలు వద్దన్న గుర్తుగా, పాత కేంద్రమైన లూయిస్ తీరం నుంచి తెచ్చిన ఇసుకలో దాన్ని పాతిపెడతారు.

రెండు రోజుల కిందటి దాకా తిట్టిన మనిషి పక్కన, అందరూ చూస్తుండగా గంటసేపు కూర్చోవడం తేలిక కాదు. ఓటమిని నలుగురిలో ఒప్పుకోవడాన్ని ఆచారంగా నిలబెట్టుకున్నందుకు మా ఊరంటే నాకు గౌరవం.

అయితే తొలి రోజుల్లో ఆ బండ్లలో ఓటర్లుగా వచ్చిందెవరు? 1792 నాటి రాష్ట్ర రాజ్యాంగం పన్ను కట్టిన తెల్ల మగవాళ్లకే ఓటు ఇచ్చింది. బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణను మా శాసనసభ 1865లో తిరస్కరించి, 1901లో గానీ ఆమోదించలేదు. మహిళల ఓటు హక్కు సవరణ 1920లో మా రాష్ట్రంలోనే గట్టెక్కాల్సింది. ప్రతినిధుల సభ అడ్డుపడింది, ఆ ఘనత టెనెసీకి దక్కింది. పాత కోర్టు దగ్గర కొరడా దెబ్బల స్తంభం 2020 జులై దాకా నిలిచే ఉంది. ఆ దెబ్బలు తిన్నవాళ్లలో నల్లవాళ్లే ఎక్కువ. ఊరేగింపు గొప్ప చెప్పుకునేవాళ్లు ఈ స్తంభం సంగతీ చెప్పాలి.

చిన్న రాష్ట్రానికి ఉన్న ఒక ప్రమాదం డబ్బు. 1913కి ముందు అమెరికా సెనేటర్లను శాసనసభ్యులే ఎన్నుకునేవారు. గ్యాస్ కంపెనీలతో కోట్లు గడించిన జాన్ ఎడ్వర్డ్ ఆడిక్స్ కన్ను ఆ సీటు మీద పడింది. కెంట్, ససెక్స్ కౌంటీల్లో డబ్బు పారించి రిపబ్లికన్ పార్టీని రెండుగా చీల్చాడు. తాను గెలవడానికి చాలినంత బలం ఎన్నడూ రాలేదు, ఇంకొకర్ని గెలవనివ్వకుండా ఆపడానికి మాత్రం అది సరిపోయింది. ఓటు మీద ఓటు వేసినా సభ ఎటూ తేల్చలేకపోయేది. 1899 నుంచి ఒక సీటు, 1901 నుంచి 1903 దాకా రెండు సీట్లూ ఖాళీ. అమెరికా సెనేట్‌లో డెలావేర్ తరఫున మాట్లాడే మనిషే లేకుండా పోయాడు. ఆడిక్స్ చివరికి ఉన్నదంతా పోగొట్టుకొని 1919లో చనిపోయాడు. ఇంత అనుభవించిన రాష్ట్రం, సెనేటర్లను ప్రజలే ఎన్నుకోవాలన్న 17వ సవరణను 1913లో తిరస్కరించింది! ఆమోదించింది 2010లో. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి.

చిన్న రాష్ట్రం కావడంలో మేలూ ఉంది. ఇప్పుడు శాసనసభలో 41 మంది ప్రతినిధులు, 21 మంది రాష్ట్ర సెనేటర్లు. 2020 జనాభా లెక్క 9,89,948. అంటే సుమారు 24 వేల మందికో ప్రతినిధి, తెలుగునాట ఒక పెద్ద మేజర్ పంచాయతీ జనాభాకి ఒకరన్నమాట. అభ్యర్థి తలుపు తట్టి మాట్లాడతాడు, దుకాణంలో ఎదురుపడతాడు. 1972లో 29 ఏళ్ల జో బైడెన్, సెనేటర్ కేలెబ్ బాగ్స్‌ను ఓడించింది 3,162 ఓట్లతోనే. గవర్నరుగా రెండు విడతలు పనిచేసిన జాన్ కార్నీ 2025లో విల్మింగ్టన్ మేయరయ్యాడు. అంత పదవి నుంచి నగరపాలనకు రావడాన్ని ఇక్కడెవరూ చిన్నతనంగా చూడలేదు.

ఒక్కటి మాత్రం మారాలి. రాష్ట్ర రాజ్యాంగ సవరణను ప్రజల ఓటుకు పెట్టనవసరం లేని ఏకైక రాష్ట్రం మాదే. వరుసగా రెండు శాసనసభలు మూడింట రెండొంతుల మెజారిటీతో ఒప్పుకుంటే చాలు. ఆడిక్స్‌ను చూసిన రాష్ట్రం 62 మంది చేతుల్లో అంత అధికారం ఉంచడం సరికాదని నా అభిప్రాయం.

విల్మింగ్టన్, న్యూఆర్క్ వైపు బ్యాంకు ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్లకు ఒక మాట. పౌరసత్వం వచ్చిన వాళ్లు అధ్యక్ష ఎన్నికలతో సరిపెట్టుకోకుండా మీ శాసనసభ్యుడి ఎన్నికకూ ఓటు వేయండి. బడులకు, రోడ్లకు చాలావరకు డబ్బు కేటాయించేది ఆ సభే. పోలింగ్ జరిగిన రెండు రోజులకు గంటన్నర దారి నడుపుకొని జార్జ్‌టౌన్ రండి. రాష్ట్రమంతటా పోటీ చేసినవాళ్లు గెలిచినా ఓడినా ఆ గురువారం చాలావరకు ఇక్కడే ఉంటారు, వెళ్లి పలకరించండి.