స్కేల్ మోడల్ కిట్లు: చెక్కుడు పని నుంచి రంగుల పని దాకా

విమానాన్నో యుద్ధనౌకనో కొలతల పొందిక చెడకుండా చిన్నది చేసి ఇంట్లో కూర్చుని తయారుచేసుకునే సరదా ప్లాస్టిక్ కంటే పాతది. 1930లలో బ్రిటన్ దుకాణాల్లో దొరికిన కిట్లలో ముఖ్యంగా చెక్క ముక్కలు, నమూనా గీసిన కాగితం, కొన్ని లోహపు భాగాలు ఉండేవి. రెక్క వంపు కుదరాలంటే కొన్నవాడే చాకుతో చెక్కి, ఉప్పుకాగితంతో రుద్దుకోవాలి. 1932లో మొదలైన స్కైబర్డ్స్ శ్రేణి ఒక అంగుళానికి ఆరడుగులు అనే లెక్క పెట్టుకుంది. ఆ లెక్కన ఆరడుగుల మనిషి అంగుళం బొమ్మ అవుతాడు, విమానం 72వ వంతుకు తగ్గుతుంది. 1/72 అనే కొలత నేటికీ చెల్లుబాటవుతోంది.

1936లో ఫ్రాగ్ సంస్థ పెంగ్విన్ పేరుతో అదే కొలతలో ప్లాస్టిక్ విమానాల కిట్లు విడుదల చేసింది. వాటికి వాడిన సెల్యులోజ్ ఎసిటేట్ ఏళ్లు గడిచేకొద్దీ వంకర పోయేది. అయినా అక్కడొక పెద్ద మార్పు జరిగింది: ఆకారం తెచ్చే పని మనిషి చేతినుంచి అచ్చుకు పోయింది. ఈ అభిరుచి చరిత్రంతా ఇలాంటి బదిలీలే. తయారీదారు ఒక కష్టాన్ని తీసేసిన ప్రతిసారీ అభిరుచిపరుల నేర్పు ఇంకో పనికి మళ్లింది.

యుద్ధకాలంలో చెక్క మళ్లీ ముందుకొచ్చింది. శత్రు విమానాన్ని నీడను బట్టి గుర్తుపట్టే శిక్షణ కోసం 1942లో అమెరికా నౌకాదళం బడిపిల్లలను ఐదు లక్షల నమూనాలు చేసిపెట్టమని కోరింది. అవీ 1/72 కొలతవే.

యుద్ధం తర్వాత పాలీస్టైరీన్ చవకైంది. కరిగించిన ఈ ప్లాస్టిక్‌ను ఎక్కువ ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి ఎక్కిస్తే క్షణాల్లో ముక్కలన్నీ ఒకే చట్రానికి అంటుకుని బయటికొస్తాయి. అచ్చు చేయించడానికే ఖర్చు, ఆపై ఒక్కో కిట్‌కు పడేది స్వల్పం. బ్రిటన్‌లో నికొలస్ కోవ్ స్థాపించిన ఎయిర్‌ఫిక్స్ మొదట గాలి నింపే రబ్బరు బొమ్మలు, తర్వాత దువ్వెనలు చేసిన సంస్థ. 1949లో ఫెర్గూసన్ ట్రాక్టర్ ప్రచారానికి నమూనా చేసిచ్చి, ఆ తర్వాత దాన్నే విడి ముక్కల కిట్‌గా అమ్మింది. 1950ల మొదట్లో గోల్డెన్ హైండ్ ఓడ కిట్‌ను పెట్టెకు బదులు ప్లాస్టిక్ సంచిలో పెట్టి, వుల్‌వర్త్స్ దుకాణాల్లో రెండు షిల్లింగులకు అమ్మింది. పిల్లల జేబుడబ్బుకు అందే ధర కావడంతో అభిరుచి ఇంటింటికీ చేరింది.

అమెరికాలో రెవెల్ 1953లో మిస్సోరీ యుద్ధనౌకను 1/535 కొలతలో తెచ్చింది. ఈ వింత అంకెకు కారణం అట్టపెట్టె: ఓడను పెట్టెకు తగ్గట్టు కుదించేవారు. వివరాల విషయంలో మాత్రం రెవెల్ రాజీపడలేదు. దాని పొలారిస్ జలాంతర్గామి కిట్ రహస్యాలను బయటపెడుతోందని 1961లో అమెరికా నౌకాదళ అడ్మిరల్ రికోవర్ బహిరంగంగా మండిపడ్డాడు. ఒక బొమ్మకు ఇంతకు మించిన ప్రశంస ఉండదేమో!

ఆ కాలపు కిట్లలో అతుకులు తిన్నగా కలిసేవి కావు. సందులు పుట్టీతో పూడ్చి రుద్దడమే అసలు పని. హంబ్రోల్ చిన్న డబ్బాల ఎనామిల్ రంగులు దొరికేవి గానీ, చాలామంది పిల్లలు అంతదాకా వెళ్లకుండా బొమ్మతో ఆటకు దిగేవారు.

ఈ తీరును జపాన్ మార్చింది. షిజువోకాలో 1946లో కోత మిల్లుగా మొదలైన టామియా చెక్క నమూనాల మీదుగా ప్లాస్టిక్‌లోకి వచ్చింది. 1960 నాటి యమాటో ఓడ కిట్ చవక పోటీ ముందు నిలవలేదు. తర్వాత మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు ఆదుకుంది. లోపల రెండు బ్యాటరీలు పట్టేంత పరిమాణంలో ట్యాంకు గీశారు. తీరా లెక్క కడితే అసలులో సుమారు 35వ వంతు తేలింది. అలా బ్యాటరీలు నిర్ణయించిన 1/35 సైనిక వాహనాల కిట్లకు ప్రపంచ ప్రమాణమై కూర్చుంది. సంస్థకు చెందిన షున్సాకు టామియా అమెరికాలోని అబర్డీన్ మ్యూజియానికి వెళ్లి అసలు ట్యాంకులను ఫోటోలు తీశాడు. పోర్షే కారు కిట్ కోసం ఏకంగా అసలు కారునే కొని విప్పించాడు. ఆ శ్రద్ధ వల్ల ముక్కలు సందు లేకుండా కలవడం మొదలైంది.

1973 చమురు సంక్షోభంతో ప్లాస్టిక్ ధర పెరిగింది, పిల్లలు క్రమంగా దూరమయ్యారు. మిగిలిన పెద్దలకు అతికించడంలో సవాలు తగ్గడంతో నేర్పంతా ముగింపు పని మీదికి వెళ్లింది. అమెరికాలో షెప్ పెయిన్, బెల్జియంలో ఫ్రాంస్వా వెర్లిండెన్ ట్యాంకును ఒంటరిగా నిలబెట్టకుండా శిథిల వీధిలో, బురదదారిలో మనుషుల మధ్య చూపించారు. ముగింపు పనికి ఒక వరుస ఏర్పడింది: ముందు ప్రైమరు, ఎయిర్‌బ్రష్‌తో అసలు రంగు, నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తులు, వాటిపై వార్నిషు. గీతల్లోకి పలచటి ముదురు రంగు పారిస్తే లోతు కనిపిస్తుంది. దాదాపు ఆరిన కుంచెతో అంచులను తాకిస్తే ఉబ్బెత్తు భాగాలు తేలతాయి. పొడిరంగులతో దుమ్ము, తుప్పు చివరి మెట్టు. తర్వాత స్పెయిన్ కళాకారులు వెలుగునీడలను కూడా రంగుతోనే సృష్టించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. నెలల్లోనే ధ్వంసమైపోయే యుద్ధ ట్యాంకుకు పదేళ్ల తుప్పు పట్టించే అతి కూడా అప్పుడే పెరిగింది.

రంగుల మీద పెరిగిన ఈ శ్రమకు జపాన్‌లోనే ఎదురుదారి పుట్టింది. 1980లో బండాయ్ 300 యెన్లకు అమ్మిన గుండామ్ రోబో కిట్‌కు జిగురు కావాలి. 1990 నాటి హై గ్రేడ్ కిట్ ముక్కలు మాత్రం వేర్వేరు రంగుల్లో వచ్చి, వేలితో నొక్కితే బిగుసుకున్నాయి. జిగురూ రంగూ రెండూ ఐచ్ఛికమయ్యాయి.

పాత పేర్లు చేతులు మారుతూ వచ్చాయి; ఎయిర్‌ఫిక్స్‌ను 2006లో హార్న్‌బీ కొన్నది. ట్రంపెటర్ వంటి చైనా సంస్థలు అంతకుముందు ఎవరూ ముట్టని వాహనాలకూ కిట్లు తెచ్చాయి. త్రీడీ ప్రింటర్లు ఇళ్లలోకి రావడంతో దొరకని తుపాకీ గొట్టమో సీటో అభిరుచిపరులే కంప్యూటర్‌లో గీసి ముద్రించుకుంటున్నారు. 1936లో అచ్చుకు అప్పగించిన ఆకారం పని కొంతమేర మళ్లీ వారి బల్ల మీదికి చేరింది.